రాణి దుర్గావతి: నర్రయి కనుమలో రెండు సైన్యాలు



జూన్ 24 వచ్చిందంటే మన సంఘ సభల్లో రాణి దుర్గావతి చిత్రపటానికి దండ వేస్తాం. కొమురం భీం పక్కన, రాంజీ గోండు పక్కన ఆమె బొమ్మ పెడతాం. ఆమె ఎవరని అడిగితే మా హాస్టల్ పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే. మొగలులతో పోరాడి, వాళ్ళ చేతికి చిక్కకుండా ప్రాణం తీసుకున్న గోండు రాణి అని.

ఆ జవాబు తప్పు కాదు. కానీ అది ఆమె జీవితంలో చివరి గంట మాత్రమే. అంతకు ముందు సుమారు 14 ఏళ్ళ పాలన ఉంది. రెండు రోజుల యుద్ధం ఉంది. ఆ రెండు రోజుల మధ్య ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ఆమె చెప్పిన మాట విని ఉంటే మరునాటి యుద్ధం వేరుగా నడిచే అవకాశం ఉండేది. ఎవరు ఎంత ధైర్యంగా పోరాడారన్నది మనకు తెలుసు. ఆ సైన్యాలు ఎలా కూడాయి, వాటిని ఎవరు ఎలా నడిపారన్నది కూడా తెలుసుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

పుట్టిల్లు, మెట్టినిల్లు

దుర్గావతి 1524 అక్టోబర్ 5న పుట్టిందని చెబుతారు. ఆ రోజు దుర్గాష్టమి కాబట్టి ఆ పేరు పెట్టారని జనం మాట. పుట్టుకతో ఆమె గోండు ఆడబిడ్డ కాదు, చందేల్ రాజపుత్రుల ఇంటి పిల్ల. రాఠ్, మహోబా ప్రాంతాలను ఏలిన శాలివాహనుడి కూతురని అక్బర్ ఆస్థాన చరిత్ర చెబుతుంది. కాలింజర్ కోటలో కీరత్ రాయ్‌కి పుట్టిందని ఆ ప్రాంతపు కథనం. ఏదైనా ఆమె చందేల్ వంశానిదే. ఈ సంగతి దాచాల్సిన పని మనకు లేదు. 1542లో గఢా రాజు సంగ్రామ్ షా కొడుకు దళపత్ షాను పెళ్ళి చేసుకుని గోండ్వానాకు కోడలుగా వచ్చింది. వచ్చిన ఇంటిని తన ఇల్లు చేసుకుంది. ఆ నేల కోసమే పోయింది. మన పెద్దలు ఆమెను గోండు రాణి అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

గోండు రాజ్యాలు ప్రధానంగా నాలుగు: గఢా, దేవగఢ్, ఖేర్లా, చాందా. మన సిర్పూర్ ప్రాంతం చాందా రాజుల చరిత్రతో ముడిపడింది. గఢా మనకు ఇంకా ఉత్తరాన, నర్మదా లోయలో, ఇప్పటి జబల్పూర్ చుట్టూ ఉండేది. పాత రాతల్లో దాని పేరు గఢా-కటంగా. దుర్గావతి మామ సంగ్రామ్ షా 52 గఢ్‌లను, అంటే కోటలను, ఒక్క రాజ్యం కిందికి తెచ్చాడు. ఒక్కో గఢ్ కింద కొన్ని వందల ఊళ్ళు ఉండేవి. తన పేరుతో నాణేలు వేయించాడు. ఆయన కొడుకు దళపత్ షా 1550లో చిన్న వయసులోనే చనిపోయాడు. అప్పటికి కొడుకు వీర్ నారాయణ్‌కు ఐదేళ్ళు.

రాణి పాలన

పిల్లవాడిని గద్దె మీద కూర్చోబెట్టి దుర్గావతి పాలన చేతికి తీసుకుంది. అధార్ కాయస్థ, మాన్ ఠాకూర్ అనే ఇద్దరు పెద్దలు ఆమెకు సలహాదారులు. రాజధానిని సింగౌర్‌గఢ్ నుంచి సాత్పురా కొండల మీది చౌరాగఢ్‌కు మార్చింది. ఆ మార్పు వెనక ఆలోచన ఉంది. సింగౌర్‌గఢ్ ఉత్తరం వైపు, శత్రువు వచ్చే దారిలో ఉంది. చౌరాగఢ్ నర్మదకు దక్షిణాన, ఎక్కడం కష్టమైన కొండ మీద ఉంది.

జబల్పూర్‌లో రాణీతాల్, చేరీతాల్, అధార్‌తాల్ అనే పేర్లు ఈనాటికీ వినిపిస్తాయి. మొదటి చెరువు రాణి, రెండోది ఆమె చెలికత్తె, మూడోది మంత్రి అధార్ తవ్వించారని అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. యుద్ధం చేసిన రాణిని చెరువుల పేర్లలో గుర్తుపెట్టుకున్నారంటే ఆమె పాలన జనం పొలాల దాకా చేరిందన్నమాట.

ఆమెకు బాణం వేయడమూ తెలుసు, తుపాకీ కాల్చడమూ తెలుసు. పులి వచ్చిందని కబురు అందితే దాన్ని కొట్టేదాకా మంచినీళ్ళు ముట్టేది కాదని అబుల్ ఫజల్ రాశాడు. ఈ అబుల్ ఫజల్ అక్బర్ ఆస్థానంలోని పండితుడు, అక్బర్‌నామా రాసినవాడు. ఈ యుద్ధం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ పుస్తకం నుంచే వచ్చింది. అంటే గెలిచినవాళ్ళ పక్షం రాసుకున్న చరిత్ర. అందులో రాణికి గర్వం ఎక్కువని నింద కూడా ఉంది. అయినా ఆమె ధైర్యాన్ని, పాలనను, యుద్ధంలో ముందుచూపును మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. శత్రువు పక్షాన రాసినవాడే ఒప్పుకున్న సంగతులు కాబట్టి వాటిని కొంత ధైర్యంగానే నమ్మవచ్చు.

పక్కనున్న మాళ్వాను బాజ్ బహదూర్ ఏలుతున్న రోజుల్లో అతను గఢా మీదికి వచ్చి దెబ్బతిని వెనక్కి పోయాడు. ఆ గెలుపుతో రాణి పేరు నలుదిక్కులా పాకింది. కానీ 1561లో అక్బర్ సేనలు ఆ మాళ్వా మీదే పడ్డాయి. ఉత్తరాన పన్నా వైపు కూడా మొగల్ అధికారం వచ్చేసింది. దాంతో గఢాకు పడమరన, ఉత్తరాన ఉన్న పొరుగు ఇప్పుడు ఒక్కడే అయ్యాడు. అతను అక్బర్. చిన్న రాజుల మధ్య తూకం చూసుకుంటూ బతికే రోజులు పోయాయి.

గఢా సైన్యం ఎలా కూడేది

గఢాకు 20,000 మంది రౌతులు, 1,000 ఏనుగులు ఉండేవని అబుల్ ఫజల్ లెక్క. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ రౌతులందరూ రాణి కోట ముందు గుడారాలు వేసుకుని కూర్చున్నవాళ్ళు కారు. అదే పుస్తకం ప్రకారం రాజ్యంలో 23,000 సాగు ఊళ్ళుంటే, 12,000 ఊళ్ళలో రాణి స్వయంగా నియమించిన అధికారులు ఉండేవారు. మిగతావి స్థానిక పెద్దల చేతిలో ఉండి, వాళ్ళు రాణికి లోబడి నడిచేవారు.

సైన్యమూ అలాగే ఉండేది. రాణి దగ్గర ఎప్పుడూ ఉండే బలగం కొంతే. మిగిలినదంతా గఢ్‌ల నుంచి, ఊళ్ళ నుంచి పిలుపు మీద రావాలి. ఒక్కో పెద్ద తన మనుషులను, తన గుర్రాలను తీసుకుని వస్తాడు. ఆ మనుషులు ముందు అతని మాట వింటారు, అతని ద్వారా రాణి మాట వింటారు. ఇందులో మంచి ఉంది. ప్రతివాడికీ పక్కన నిలబడ్డవాడు సొంత ఊరివాడు, బంధువు. కొండదారులు, వాగులు అందరికీ కొట్టిన పిండి. చిక్కు కూడా ఉంది. కబురు అందాలి, పెద్ద కదలాలి, మనుషులు ఇల్లు వదలాలి. వీటిలో ఏది ఆలస్యమైనా సైన్యం ఆలస్యమే.

మీకు తెలిసిన పోలిక చెబుతాను. పండగ సెలవుల తర్వాత హాస్టల్ తెరిచిన రోజు రిజిస్టర్‌లో అందరి పేర్లూ ఉంటాయి. భోజనాల వరుసలో మాత్రం సగం మందే ఉంటారు. మిగతావాళ్ళు రారని కాదు, ఇంకా రాలేదంతే. గఢా 20,000 మంది రిజిస్టర్ లెక్క. యుద్ధం మాత్రం వరుసలో నిలబడ్డవాళ్ళతోనే చేయాలి.

ఇంకో మాట. రాణి సైన్యంలో గోండులే కాదు, రాజపుత్రులు ఉన్నారు, శంస్ ఖాన్ మియానా, ముబారక్ ఖాన్ బలోచ్ లాంటి ముస్లిం సేనానులూ ఉన్నారు. వాళ్ళు ఆమె పక్షాన మొగల్ సేనతో తలపడ్డారు. కాబట్టి దీన్ని మతాల యుద్ధంగా ఎవరైనా చెబితే, ఈ పేర్లు గుర్తుచేయండి. అది ఒక సామ్రాజ్యం ఒక స్వతంత్ర రాజ్యాన్ని మింగడానికి చేసిన యుద్ధం.

మొగల్ సైన్యం ఎలా నడిచేది

ఎదుటి సైన్యానికి నాయకుడు ఆసఫ్ ఖాన్. అసలు పేరు ఖ్వాజా అబ్దుల్ మజీద్. మొదట లెక్కలు, పరిపాలన చూసిన మనిషి. తర్వాత ఆసఫ్ ఖాన్ అనే బిరుదుతో గంగానది ఒడ్డున ఉన్న కడా ప్రాంతానికి అధికారి అయ్యాడు. అతను దాడికి ముందే గఢాకు మనుషులను పంపి దారులు, రాబడి, కోశం గురించి వివరాలు సేకరించాడు. సరిహద్దు ఊళ్ళను దోచుకుంటూ బలం ఎంతుందో చూసుకున్నాడు. ఆ తర్వాతే 10,000 మంది రౌతులతో, కాల్బలంతో, ఫిరంగులతో బయలుదేరాడు.

ఈ సైన్యం తీరు వేరు. ఆసఫ్ ఖాన్ కింద వేరువేరు సర్దారులు ఉన్నారు, ఒక్కొక్కరికీ సొంత దళం ఉంది. ఆ మేరకు గఢా పెద్దల పద్ధతిలాగే కనిపిస్తుంది. కానీ ఆ సర్దారులు సొంత ఊళ్ళకు దూరంగా, చక్రవర్తి ఇచ్చే పదవి మీద, జాగీరు మీద ఆధారపడి బతికేవారు. మాట వినకపోతే పదవి పోతుంది. యుద్ధం మధ్యలో ఇంటికి వెళ్ళిపోవడానికి ఇల్లు దగ్గర్లో లేదు. ఒక సర్దారు పడిపోతే ఇంకొకడు ఉంటాడు, ఆసఫ్ ఖానే పడిపోయినా ఆగ్రా నుంచి మరొకడు వస్తాడు. గుర్రం మీద నుంచి బాణాలు వేయడంలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు. వీటన్నిటికీ తోడు ఫిరంగులు. గోండు సైన్యానికి పెద్ద బలం ఏనుగులు. ఫిరంగి మోతకు, దెబ్బకు ఎదురు నిలవడం ఏనుగుకు కష్టం.

వాళ్ళకూ ఒక బలహీనత ఉంది. ఫిరంగులను లాగడానికి దారి కావాలి. కొండల్లో, అడవిలో, వాగుల మధ్య రౌతులు ముందుకు పోతే ఫిరంగులు వెనకబడతాయి. రాణి లెక్క వేసుకున్నది దీని మీదే.

500 మందితో మొదలు

1564లో ఆసఫ్ ఖాన్ దమోహ్ దాకా వచ్చేసరికి గఢా సైన్యం కూడి లేదు. ఉన్నవాళ్ళు కూడా తమ కుటుంబాలను కాపాడుకోవడానికి చెదిరిపోయారు. రాణి దగ్గర మిగిలింది 500 మంది. ఈ చేదు నిజాన్ని మంత్రి అధార్ దాచకుండా ఆమెకు చెప్పాడు. రాజు చిన్నవాడైనా, దండు చిన్నదైనా లొంగిపోయి బతకడం తనకు సమ్మతం కాదని ఆమె తేల్చి చెప్పింది.

అయితే 500 మందితో 10,000 మంది మీదికి దూకలేదు. ఇది గమనించండి. కోపంతో పరుగెత్తే మనిషి చేసే పని కాదు ఆమె చేసింది. ముందు అడవుల్లోకి తప్పుకుంది. చోటు మార్చుకుంటూ శత్రువుకు తన జాడ దొరక్కుండా చేసింది. ఆసఫ్ ఖాన్ దమోహ్ దగ్గర ఆగిపోయాడు. అలా దొరికిన సమయంలో కబుర్లు వెళ్ళాయి, మనుషులు వచ్చారు. 500 కాస్తా 2,000 అయింది. చివరికి 5,000 అయింది.

తర్వాత చోటు ఎంచుకుంది. గఢాకు తూర్పున నర్రయి అనే ఊరు. చుట్టూ కొండలు. ఒక పక్క గౌర్ నది, ఇంకో పక్క నర్మద. లోపలికి రావాలంటే ఇరుకైన కనుమ గుండానే రావాలి. బయట మైదానంలో 10,000 మంది రౌతులు ఒకేసారి విరుచుకుపడగలరు. కనుమలో మాత్రం కొద్దిమందే ముందుకు రాగలరు. తన దగ్గర మనుషులు తక్కువ కాబట్టి, ఎదుటివాడి సంఖ్య పనికిరాకుండా పోయే చోటు వెతుక్కుంది. కొండల్లో పుట్టి పెరిగిన మీకు ఈ లెక్క నేను వివరించాల్సిన పని లేదు.

మొదటి రోజు

ఆసఫ్ ఖాన్ గఢాకు చేరి, రాణి జాడ తెలుసుకుని ముందుగా ఒక దళాన్ని పంపాడు. ఆ దళం కనుమ ముఖద్వారాన్ని పట్టుకుంది. అక్కడ జరిగిన పోరులో గఢా ఏనుగుల దళానికి అధిపతి అర్జున్ దాస్ మరణించాడు. ముఖ్యమైన సేనాని పోవడంతో గఢా మనుషులు కంగారుపడే స్థితి వచ్చింది.

అప్పుడు రాణి కవచం తొడిగి, ఏనుగెక్కి స్వయంగా ముందుకు వచ్చింది. వెంటనే మీద పడవద్దని, శత్రువును లోపలికి రానివ్వమని తన వాళ్ళను ఆపింది. మొగల్ దళం కనుమలోకి వచ్చాక అన్ని వైపుల నుంచి ఒక్కసారిగా పడ్డారు. ఇరుకులో గుర్రాలు తిరగలేకపోయాయి. దాదాపు 300 మంది మొగల్ సైనికులు చనిపోయారు, మిగిలినవాళ్ళు పారిపోయారు. గఢా సైన్యం వాళ్ళను కనుమ బయటి దాకా తరిమింది.

మొదటి రోజు గెలుపు స్పష్టంగా రాణిదే. మొగల్ పక్షం చేసిన పొరపాటు కూడా స్పష్టమే. దారి బాగోక ఫిరంగులు వెనకబడి ఉండగానే, అవి అందేదాకా ఆగకుండా, ముందు దళం కనుమలోకి దిగింది. రాణి ఎంచుకున్న చోటులోకి, ఆమె ఎంచుకున్న వేళలో వచ్చి చిక్కుకుంది.

ఆ రాత్రి

పొద్దుగూకాక రాణి తన పెద్దలను పిలిచి సలహా అడిగింది. ఆమె అభిప్రాయం ఒకటే. ఈ రాత్రే శత్రువు గుడారాల మీద పడాలి. ఎందుకంటే తెల్లవారేసరికి ఆసఫ్ ఖాన్ స్వయంగా వస్తాడు, ఫిరంగులు తెస్తాడు, కనుమను పట్టుకుంటాడు. ఒక్కసారి కనుమ అతని చేతికి పోతే, ఈ రోజు మనల్ని కాపాడిన చోటే రేపు మనల్ని బంధిస్తుంది.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. పెద్దలు ఒప్పుకోలేదు. గెలిచిన రోజు కదా. చనిపోయినవాళ్ళ బంధువులను ఓదార్చాలి, గాయపడ్డవాళ్ళను చూసుకోవాలి. అలసట ఉంది. వాళ్ళు పిరికివాళ్ళు కారు. ఉదయం నుంచి ప్రాణాలొడ్డి పోరాడినవాళ్ళే. మన ఊళ్ళో ఒక చావు జరిగితే మిగతా పనులన్నీ ఎలా ఆగిపోతాయో మనకు తెలుసు కదా. వాళ్ళ మనసూ అలాగే పనిచేసింది. రాణి తన నివాసానికి తిరిగి వచ్చాక కూడా దగ్గరివాళ్ళు కొందరితో మళ్ళీ అదే మాట అంది. కలిసి వచ్చేవాళ్ళు దొరకలేదు.

ఇక్కడే రెండు సైన్యాల తేడా బయటపడింది. ఆసఫ్ ఖాన్ ఆ రాత్రి ఎవరినీ ఒప్పించాల్సిన పని లేదు. ఫిరంగులు కదలాలి అంటే కదులుతాయి. దుర్గావతి మాత్రం ఒప్పించాలి. ఆమె మాటకు గౌరవం ఉంది. కానీ మనుషులు పెద్దల చేతిలో ఉన్నారు. పెద్దలు కదలకపోతే ఆమె ఆజ్ఞకు కాళ్ళు లేవు.

అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి నిర్ణయం తీసుకోవడం మన పద్ధతి. పటేల్ ఒక్కడే ఆజ్ఞ వేస్తే మనకు నచ్చదు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయడం లేదు, అది మన బలం. కానీ కూర్చుని మాట్లాడడానికి ఒక వేళ ఉంటుంది, తేల్చుకున్నాక లేదా తేల్చుకునే సమయం లేనప్పుడు ఒకరి మాట మీద నడవడానికి ఒక వేళ ఉంటుంది. నర్రయిలో ఆ రెండు వేళలు కలిసిపోయాయి. రాత్రి దాడి చేసి ఉంటే రాణి తప్పక గెలిచేదని చెప్పలేం. ఆసఫ్ ఖాన్ వెనక ఒక సామ్రాజ్యమే ఉంది. కానీ ఫిరంగులు పేలకుండా యుద్ధం చేయగలిగే సమయం ఆ రాత్రి ఒక్కటే, ఆ సంగతి గ్రహించింది ఆమె ఒక్కతే.

రెండో రోజు

తెల్లవారింది. రాణి చెప్పినట్టే జరిగింది. ఆసఫ్ ఖాన్ ఫిరంగులతో వచ్చి కనుమను పట్టుకున్నాడు. నిన్నటి దాకా గఢా సైన్యానికి తలుపులా ఉన్న చోటు శత్రువు చేతిలోకి పోయింది. జబల్పూర్ ప్రాంతంలో ఇంకో మాట కూడా చెబుతారు. ముందు రోజు ఎండిపోయి ఉన్న వెనక ఏరు ఆ రాత్రి వానకు పొంగి, తప్పుకునే దారి కూడా మూసుకుపోయిందని.

రాణి సర్మన్ అనే తన మేటి ఏనుగు మీద యుద్ధానికి వచ్చింది. ఏనుగులను పంచి, దళాలను వరుసపెట్టింది. వీర్ నారాయణ్ అప్పటికి ఇరవై ఏళ్ళ లోపు యువకుడు, అంటే మీ వయసువాడే. అతను మూడుసార్లు మొగల్ సేనను వెనక్కి నెట్టాడు. మూడోసారి గాయపడ్డాడు. రాణి అతన్ని సురక్షితమైన చోటికి చేర్చమంది. తల్లిగానే కాదు, రాజ్యానికి రాజు మిగలాలని పాలకురాలిగా కూడా ఆ మాట అంది.

కానీ ఆ ఆజ్ఞకు ఊహించని ఫలితం వచ్చింది. రాకుమారుడి వెంట చాలామంది సైనికులు వెళ్ళిపోయారు. రాణి దగ్గర 300 మందే మిగిలారు. మనిషిని చూసి నడిచే సైన్యంలో జరిగేది ఇదే. ఆ మనిషి కదిలితే సైన్యమూ కదులుతుంది. ఒకరు తప్పుకున్నప్పుడు ఆ చోట నిలబడి మిగిలినవాళ్ళను పట్టి ఉంచే రెండో వరుస నాయకత్వం అక్కడ లేకపోయింది.

300 మందితోనే ఆమె నిలబడింది. ఒక బాణం కణత దగ్గర తగిలింది. పీకి పారేసింది, ములికి లోపలే ఉండిపోయింది. ఇంకో బాణం మెడలో దిగింది. స్పృహ తప్పింది. తేరుకునేసరికి యుద్ధం చేజారిపోయింది. ఏనుగు మీద ముందు కూర్చున్న సేవకుడు ఆమెను తప్పించి తీసుకుపోతానన్నాడు. శత్రువు చేతిలో బందీ కావడానికి ఒప్పుకోక ఆమె తన బాకుతోనే ప్రాణం విడిచింది. అది 1564 జూన్ 24. ఆ కాలంలో పట్టుబడిన రాణుల గతి ఎలా ఉండేదో తెలిసి తీసుకున్న నిర్ణయం అది. మన కాలానికి, మన కష్టాలకు అది పాఠం కాదు. అందుకే పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు నేను ఈ గంట దగ్గర ఎక్కువసేపు ఆగను. 500 మందిని 5,000 చేసిన రోజుల దగ్గర ఆగుతాను.

తర్వాత జరిగినవి

రెండు నెలల తర్వాత ఆసఫ్ ఖాన్ చౌరాగఢ్ మీద పడ్డాడు. వీర్ నారాయణ్ పోరాడి మరణించాడు. కోటలోని స్త్రీలు జౌహర్ చేసుకున్నారు. తరతరాల బంగారం, 1,000 ఏనుగులు గెలిచినవాడికి దొరికాయి. అందులో 200 ఏనుగులనే అక్బర్‌కు పంపి, మిగతా సొమ్ములో చాలా భాగం ఆసఫ్ ఖాన్ దాచుకున్నాడు. ఆ లెక్కలు అడుగుతారని భయపడి కొన్నాళ్ళు చక్రవర్తికి దూరంగా పారిపోయాడు. ఎంత కట్టుదిట్టమైన సైన్యమైనా లోపల మనుషుల దురాశ ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

గోండు వంశం అక్కడితో ఆగిపోలేదు. దళపత్ షా తమ్ముడు చంద్ర షా కొన్ని గఢ్‌లను మొగలులకు వదులుకుని, వాళ్ళకు లోబడి గద్దె ఎక్కాడు. ఆ వంశం ఇంకో రెండు వందల ఏళ్ళకు పైగా సాగింది. ఆ వంశంవాడే రాజా శంకర్ షా. ఆయన్ను, కొడుకు రఘునాథ్ షాను 1857 సెప్టెంబర్ 18న జబల్పూర్‌లో ఆంగ్లేయులు ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చేశారు. అదే పోరాటపు రోజుల్లో మన నిర్మల్ వైపు రాంజీ గోండు ఆంగ్లేయుల మీద, నిజాం మీద లేచాడు. నర్మద ఒడ్డున, గోదావరి ఒడ్డున గోండులు ఒకే కాలంలో ఒకే శత్రువును ఎదిరించారన్నమాట.

జబల్పూర్ దగ్గర బరేలా వైపు రాణి సమాధి ఉంది. పాత రోజుల్లో ఆ దారిన పోయే బాటసారులు దొరికిన వాటిలో అందమైన తెల్లరాయిని ఏరి అక్కడ పెట్టి వెళ్ళేవారు. పక్కనున్న రెండు పెద్ద గుండ్రాళ్ళు రాణి నగారాలే అని, రాత్రివేళ వాటి మోత వినిపిస్తుందని చెప్పుకునేవారు. జబల్పూర్ విశ్వవిద్యాలయానికి 1983లో ఆమె పేరు పెట్టారు. 1988లో తపాలా బిళ్ళ వచ్చింది. మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఒక కోస్ట్ గార్డ్ నౌక పేరు కూడా రాణి దుర్గావతే.

మనం తీసుకోవలసింది

ఈ కథ మీకు చెప్పాలనుకోవడానికి కారణం ఉంది. ఈనాడు మీలో చాలామంది విద్యార్థి సంఘాల్లో, యువజన సంఘాల్లో, గ్రామసభల్లో పనిచేస్తున్నారు. భూమి పట్టాల కోసం, బడి కోసం, రోడ్డు కోసం, భాష కోసం ఏదో ఒక పోరాటం ఉంది. ఆ పోరాటాల్లో నర్రయి కనుమ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

సభ్యత్వ పుస్తకంలో ఉన్న పేర్లు వేరు, పిలిచిన రోజు వచ్చేవాళ్ళు వేరు. పిలుపు అందేలా, అందినవాళ్ళు కదిలేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. మన బలం పనిచేసే చోటు, ఎదుటివారి బలం పనిచేయని చోటు ఏదో తెలుసుకుని అక్కడ నిలబడాలి. నాయకుడు ఒక్కడే కాకుండా, అతను లేని రోజు నడిపించే రెండో వరుసను తయారుచేసుకోవాలి. మొదటి రోజు గెలిచామని ఆ రాత్రి పడుకోకూడదు. దరఖాస్తు తీసుకున్నారని, హామీ ఇచ్చారని సంబరపడి ఇంటికి వెళ్ళిన మర్నాడే ఫిరంగులు వస్తాయి. ఈ రోజుల్లో అవి కాగితాల రూపంలో వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ రాత్రి సభలో సరైన మాట చెప్పింది ఒక స్త్రీ. ఆమె రాణి కాబట్టి చరిత్రలో ఆ మాట మిగిలింది. మన సంఘాల సమావేశాల్లో చివరి వరుసలో కూర్చుని ఒక చెల్లెలు ఏదైనా చెప్పబోతే, అది మనకు నచ్చని మాటైనా, అలసిపోయి ఉన్నా, ఒక్క నిమిషం ఆగి వినండి. చెల్లెళ్ళూ, మీరు కూడా మాట చెప్పడం మానకండి.

వచ్చే జూన్ 24న దండ వేసే ముందు, సభలో ఉన్న చిన్నపిల్లలకు రాణి దుర్గావతి ఎలా మరణించిందో చెప్పండి. దానితోపాటు ఆమె ఎలా ఏలిందో, ఎలా సైన్యాన్ని కూడగట్టిందో, ఆ రాత్రి ఏమి చెప్పిందో కూడా చెప్పండి.

జై సేవా. జై గోండ్వానా.